అలిగిన అల్లుడు

ఒక్క అరగంట కూర్చోండి మేడమ్, తర్వాత ల్యాబ్ చూపిస్తారు అని చెప్పి ఉద్యోగాల విభాగం ఆవిడ గాజు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. బాగానే జరిగింది. జరిగిందా? డైరెక్టరు తల ఊపాడు, ఒకసారి నవ్వాడు కూడా, ఆ నవ్వు నేను చెప్పినదానికో తన ఫోన్‌లో కనిపించినదానికో తెలియదు. ఆయన పక్కన కూర్చున్న సైంటిస్టు, ఊదితే ఎగిరిపోయేలా ఉన్న బక్కాయన, నేను మాట్లాడినంతసేపూ బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. అలా వినేవాళ్ళు కనిపిస్తే నాకు నోరు ఆగదు. కొంచెం ఎక్కువే మాట్లాడానేమో. ఇంటర్వ్యూలో అడిగినదానికి ఒక ముద్ద తక్కువే వడ్డించాలి అని పొద్దున బస్సు దగ్గర మావారు మరీ మరీ చెప్పారు, నేను కంచం నిండా వడ్డించేసి వచ్చాను. బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. మూత తిప్పితే టక్కుమంటుంది, ఆ చప్పుడు గాజు అవతలికి వినిపిస్తుందేమోనని దాహం వేస్తున్నా తీయలేదు. చాలాకాలం ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషికి ఇలాంటి పిరికితనాలు పట్టుకుంటాయి కాబోలు, ఒకప్పుడు ల్యాబ్‌లో మంట లేస్తే ఇసుక బకెట్ పట్టుకుని ముందు నడిచిన మనిషిని నేనేనా. ఎదురుగా గోడకి అందం కోసం పెద్ద అణువు బొమ్మ వేలాడదీశారు, నీలం రంగూ బంగారు రంగూ, చాలా ఖరీదుగా ఉంది, కానీ అందులో ఒక కార్బన్‌కి ఐదు చేతులున్నాయి. ఉండాల్సినవి నాలుగే. ఇంత పెద్ద కంపెనీలో ఇంతమంది డాక్టరేట్లు రోజూ దీని ముందు నుంచే నడుస్తారు కదా, ఎవరూ చూడలేదా, చూసి ఊరుకున్నారా, ఊరుకోవడమే ఇక్కడి పద్ధతా.

పద్ధతి అంటే, ఇది కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీ, అంటే దర్జీ కొట్టు లాంటిది. గుడ్డ ఎవరిదో, కొలతలు ఎవరివో, కుట్టు మాత్రం వీళ్ళది, కుట్టాక చొక్కా మీద వీళ్ళ పేరు ఎక్కడా ఉండదు. మా పాత కంపెనీ అలా కాదు, చిన్నదైనా సొంత మందు చేసుకునే కలలు కనేది, అందుకే మునిగిపోయింది అంటారు మావారు. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో జనానికి చూపు పరీక్షిస్తారు, మనుషుల్ని చూడడంలో కూడా తన చూపే సరైనదని నమ్మకం. మీ మేష్టారు మంచివాడే కానీ పక్కవాళ్ళ చేతులతో పొయ్యి మీద గిన్నె దించే రకం అన్నారు ఒకసారి, ఆ మాటకి నేను పలకడం మానేశాను, ఆయనే దిగొచ్చి టీ పెట్టి ఇచ్చేదాకా. మేష్టారిని ఎవరైనా ఏమైనా అంటే నేను ఊరుకోను. కన్నతండ్రి నాకు ఊహ తెలియక ముందే పోయాడు. ఆ ఖాళీలో ఎవరినీ కూర్చోబెట్టాలని నేను అనుకోలేదు, ఆయన వచ్చి కూర్చున్నారు, అంతే. ల్యాబ్‌కి ఆయన పెద్ద, కానీ ఎవరూ బాస్ అనేవారు కాదు, మేష్టారు అనేవారు. చల్లార్చడం అంటే పసిదాన్ని నిద్రపుచ్చడం లాంటిదమ్మా, తొందరపడ్డావా లేచి కూర్చుంటుంది అని నేర్పింది ఆయన. మరిగే చప్పుడు విని లోపల ఏం జరుగుతోందో చెప్పడం నేర్పింది ఆయన. పాప పుట్టాక నేను తిరిగి వెళ్ళేసరికి నేను పనిచేసే బెంచీ వేరేవాళ్ళకి ఇచ్చేద్దామని పైవాళ్ళు చూస్తుంటే, తన కుర్చీ తెచ్చి ఆ బెంచీకి అడ్డంగా వేసుకుని కూర్చున్నారట, అమ్మాయి వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను అని. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు. అలాంటి మనిషి.

బక్కాయన గాజు బయట నుంచి వెళ్తూ తలుపు కొంచెం తెరిచి, ఇంకాసేపే మేడమ్ అన్నాడు. ఇప్పుడు ల్యాబ్ కోటు వేసుకుని ఉన్నాడు. తలుపు మూసుకున్నాక ఆ కోటు వాసన గదిలో మిగిలింది. మాడిన పాలూ కర్పూరమూ కలిసినట్టుంటుంది ఆ వాసన, ఒకసారి పట్టుకుంటే జుట్టులోంచి రెండు స్నానాలకి గానీ పోదు, పాప నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు దానివల్ల. అలాంటి వాసన వచ్చే పదార్థాలు లోకంలో చాలా ఉంటాయి అనుకున్నాను. ఉంటాయి. కానీ ముక్కుకి తర్కం ఎక్కదు, అది నన్ను పట్టుకుని నేరుగా మా పాత ల్యాబ్‌లో మూల కిటికీ పక్కన నిలబెట్టింది, చేతిలో ఫ్లాస్కు, అడుగున తేనె రంగు బంక. మూర్ఛ రోగుల కోసం మేం చేస్తున్న మందు అది. చివరి మెట్టు దాకా బుద్ధిగా వచ్చేది, చివర్లో ఉప్పు పలుకుల్లా తెల్లగా పొడిపొడిగా రాలాల్సింది, బంకలా అడుగుకి కరుచుకునేది. పొడి కాకపోతే మాత్ర కట్టదు, మాత్ర కట్టకపోతే అది మందే కాదు. నీటి చెమ్మ తగిలితే పాడవుతుందని సాల్వెంట్‌ని, అంటే మందుని కరిగించే ద్రవాన్ని, ఆరబెట్టి పోశాం, ఇంకా ఆరబెట్టి పోశాం, మంచులో ఉంచాం, గాజు కడ్డీతో ఫ్లాస్కు గోడలు గీకి బతిమాలాం. ఒకరోజు విసుగొచ్చి, ఇది అలిగిన అల్లుడు సార్, ఎంత మర్యాద చేస్తే అంత బిగుసుకుంటున్నాడు అన్నాను. మేష్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ రోజు నుంచి ల్యాబ్‌లో దాని పేరు అల్లుడు. అల్లుడు ఎలా ఉన్నాడమ్మా, అల్లుడు భోంచేశాడా, అల్లుడికి ఇవాళ చలి ఎక్కువైంది సార్. బయటివాళ్ళు వింటే మతిపోయిందనుకునేవాళ్ళు.

అల్లుడు చివరికి వానాకాలంలో దిగొచ్చాడు. మేష్టారి భార్యకి ఆపరేషన్ అయి ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజులవి, మిగతావాళ్ళని వేరే పనులకి మార్చేశారు, ల్యాబ్‌లో నేనూ వానా. కిటికీ అంచు నుంచి నీరు కారుతుండేది, సాల్వెంట్ సీసా మూత వంకరగా బిగించి మర్చిపోయాను, మర్నాడు అదే సాల్వెంట్ పోస్తే ఫ్లాస్కులో మంచు కురిసినట్టు తెల్లగా పలుకులు. మొదట నమ్మలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ వచ్చింది, మూత గట్టిగా బిగించి చేస్తే బంక. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్ళూ మేం నీటిని దొంగని తరిమినట్టు తరిమేశాం, ఆ పదార్థం పలుకు కట్టాలంటే ఒక్క చుక్క నీరు కావాలి, మరీ ఎక్కువా కాదు మరీ తక్కువా కాదు. అల్లుడికి కావాల్సింది విందులు కాదు సార్, మంచినీళ్ళు. ఈ మాట నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన ముందు నిలబడి అనాలి, ఆయన కళ్ళజోడు తీసి నవ్వడం చూడాలి. అందుకే ఫోన్‌లో వచ్చింది సార్ అని మాత్రం అన్నాను, వచ్చిందా తల్లీ అన్నారు, వెనక ఆసుపత్రి మైకులో ఎవరినో పిలుస్తున్నారు, మీరు వచ్చాక చూపిస్తాను అన్నాను. ఆయన వచ్చిన వారమే కంపెనీ ల్యాబ్ మూసేసింది. రికార్డుల్లో పలుకులు వచ్చాయని ఉంటుంది, ఎందుకు వచ్చాయో ఉండదు, అది ఆయనకి చెప్పాకే రాద్దామనుకున్నాను. పని చచ్చిపోయిందమ్మా, ఈ మందు ఇక ఎవరూ చెయ్యరు అన్నారు ఆయన గుమ్మంలో నిలబడి. చచ్చినదాని గురించి నవ్వుతాలు ఎందుకులే అని నేనూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఆయనకి మనసు రాలేదనుకున్నాను.

తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను, ఎండలు ముదిరిన రోజుల్లో. ఇక చాల్లే తల్లీ, రిటైరైపోయాను, మొక్కలు పెంచుకుంటాను అన్నారు. వరండాలో కుండీలు కూడా ఉన్నాయి, కొత్తవి. ఆయన భార్య బొప్పాయి కోసి తెచ్చింది. ఆపరేషన్ తర్వాత ఇంకా సన్నబడింది, నా ముందు పళ్ళెం పెడుతూ నా మొహంలోకి చూడలేదు. ఆయన లోపలికి వెళ్ళినప్పుడు, ఈయన్ని నమ్ముకుని కూర్చోకమ్మా, నీ దారి నువ్వు చూసుకో అంది, అని గబగబా తొక్కలు తీసుకుని వెళ్ళిపోయింది. నామీద జాలి అనుకున్నాను, పిచ్చిది నాకోసం బెంగపడుతోంది అనుకుని బస్సులో కళ్ళు తుడుచుకున్నాను. మొన్న ఆయనే ఫోన్ చేశారు. అక్కడ సీనియర్ సైంటిస్టు ఖాళీ ఉందని విన్నాను, నీ వివరాలు పంపు, నా పేరు మాత్రం ఎత్తకు, ముసలాడి సిఫార్సు అంటే చులకనైపోతావు అన్నారు. నాకోసం ఎక్కడెక్కడో వాకబు చేస్తున్నారు కదా అని ఆ రోజంతా మనసు నిండుగా ఉంది. మావారు మాత్రం ఊఁ అని ఊరుకున్నారు.

రండి మేడమ్ అని బక్కాయన వచ్చాడు. నడవాలో దీపాలు మేం నడుస్తుంటే ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ల్యాబ్ తలుపు దగ్గర నాకో కోటూ కళ్ళజోడూ ఇచ్చాడు, కోటు చేతులు పొడుగు, మడుచుకున్నాను. ఎన్ని రోజులైంది ఇలా చేతులు మడుచుకుని. సంతోషం ఎంత సిగ్గులేనిదో, ఆ వాసన తగలగానే భయపడాల్సిన మనిషిని పళ్ళికిలించుకుంటూ లోపలికి నడిచాను. కొత్త యంత్రాలు, గాలి లాగే గూళ్ళు, నేల మీద మొహం కనిపిస్తోంది. మూల గూట్లో వరసగా ఫ్లాస్కులు, అన్నిటి అడుగునా తేనె రంగు బంక. నేను ఆగిపోయాను. బక్కాయన నా పక్కన నిలబడి, పాపం ఆయన మొహంలో అలసట తప్ప మరేం లేదు, ఇదొక్కటే మమ్మల్ని ఏడిపిస్తోంది మేడమ్, ఎంత చేసినా పలుకు కట్టడం లేదు అని, కొంచెం నవ్వి అన్నాడు.

"మేం దీన్ని అలిగిన అల్లుడు అంటాం."

చల్లటి నీళ్ళలో చెయ్యి పెడితే మొదట చలి తెలియదు, చెయ్యి ఉందని మాత్రమే తెలుస్తుంది. అలా ఉంది నాకు. ఆ పేరు ఎవరు పెట్టారు అని అడిగాను, నా గొంతు మామూలుగానే వచ్చింది. మా సలహాదారుగారు మేడమ్, పెద్దాయన, భలే సరదా మనిషి, ఈ పని ఆయనే తెచ్చారు, చలికాలం నుంచీ మాతోనే ఉన్నారు. ఇవాళ కూడా వచ్చారు, అదిగో ఆ పక్క గదిలోనే ఉన్నారు, మీ ఇంటర్వ్యూ అయ్యాక మాట్లాడతానన్నారు అని చెప్పాడు బక్కాయన. తను ఏం చెబుతున్నాడో ఆ మనిషికి తెలియదు. చలికాలం నుంచి. అంటే మొక్కల కుండీలు కొన్నప్పటికే, నేను వరండాలో కూర్చుని మీరు లేని ల్యాబ్‌ని ఊహించుకోలేను సార్ అన్నప్పటికే. బొప్పాయి ముక్క గొంతు దిగకముందే ఆవిడ నాకు చెప్పింది, నేను వినలేదు. పని చచ్చిపోలేదు, ఇల్లు మారింది అంతే, పనితో పాటు ఆయనా మారారు, నేను వాకిట్లో మిగిలిపోయాను. అది కూడా క్షమించేదాన్నేమో. ఎవరి పొట్ట వాళ్ళది. కానీ ఆ పేరు. నా విసుగులోంచి పుట్టిన నా మాట, ఆయన్ని నవ్వించడానికి అన్న మాట, దాన్ని ఇక్కడికి మోసుకొచ్చి తన సరదాగా పంచిపెట్టారు. ఇక్కడ కూడా కళ్ళజోడు తీసి నవ్వారా? పలుకులు వచ్చాయని ఆయనకి తెలుసు, ఎలా వచ్చాయో తెలియదు, దారి నాకు తెలుసని చెప్పి చేరుంటారు, నెలల తరబడి బంక తప్ప ఏం రాక, ఇక తప్పనిసరై నన్ను తలుచుకున్నారు, ఇక్కడ ఖాళీ ఉందని విన్నాను అన్నారు, తన పేరు ఎత్తొద్దన్నారు. ఇంటర్వ్యూ అంటే పిచ్చిది నోరు ఆపుకోలేదు, కంచం నిండా వడ్డిస్తుంది అని ఆయనకి తెలియనిదా, నాకు వడ్డించడం నేర్పిందే ఆయన.

మళ్ళీ అదే గదిలో కూర్చోబెట్టారు. డైరెక్టరు, ఉద్యోగాల ఆవిడ, బక్కాయన. తెల్ల బోర్డు దగ్గర కొత్త పెన్ను పెట్టి ఉంది. మీరు ల్యాబ్‌లో చూసిన సమస్యనే ఉదాహరణగా తీసుకుందాం, మీరైతే ఏం చేస్తారో కాస్త బోర్డు మీద చెప్పండి, తొందరేం లేదు అన్నాడు డైరెక్టరు చాలా మర్యాదగా. పెన్ను చేతిలోకి తీసుకున్నాను. సిగ్గులేని చెయ్యి, అది అప్పుడే ఆ అణువు గీయడానికి లేచింది, నేనే దాన్ని దింపాను. ఇది చెప్పడానికి నాకంటే తగినవారు పక్క గదిలో ఉన్నారట, ఆయన్ని పిలవండి సార్, ఆయన ముందే చెబుతాను అన్నాను. డైరెక్టరు ఉద్యోగాల ఆవిడ వైపు చూశాడు, ఆవిడ బల్ల వైపు చూసింది. బక్కాయన లేచి వెళ్ళాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది, మేష్టారు వచ్చారు. చొక్కా కొత్తది. బాగున్నావా తల్లీ అన్నారు, ఏ నడవాలోనో ఎదురుపడినట్టు. నాకు లేచి నిలబడే అలవాటు, లేచే ఉన్నాను కాబట్టి సరిపోయింది. పెన్ను ఆయన చేతికిచ్చాను. మీరే చెప్పండి సార్, నాకు నేర్పింది మీరే కదా అన్నాను.

ఆయన తీసుకున్నారు. గీయడం మొదలుపెట్టారు. ఆ చేతి అందం నేను ఎక్కడా చూడలేదు, షట్కోణం గీస్తే కొలిచి కోసినట్టుంటుంది, మొదటి మెట్టు, బాణం, రెండో మెట్టు, బాణం, బోర్డు నిండుతోంది, ఒక్క గీత చెరపలేదు. ఒక్క క్షణం నాకు కోపం మర్చిపోయి చూడాలనిపించింది. చివరి బాణం గీశారు. బాణం మీద రాయాల్సింది రాయడానికి పెన్ను ఎత్తారు. ఎత్తి ఉంచారు. గదిలో ఏసీ చప్పుడు పెద్దదైంది. బక్కాయన మొహం ఎర్రబడింది, ఆయన తప్పు కాకపోయినా తల దించుకున్నాడు, ఆ గదిలో సిగ్గుపడ్డ మనిషి ఆయన ఒక్కడే. మేష్టారు పెన్నుకి మూత పెట్టి, జాగ్రత్తగా, ఆరిపోకుండా, బల్ల మీద ఉంచి బయటికి వెళ్ళిపోయారు. నేను గెలిచానా? ఆయన వీపు గుమ్మం దాటుతుంటే వెనకాలే పరిగెత్తి చేతికి నీళ్ళ గ్లాసు ఇవ్వాలనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

డైరెక్టరు మిగతా ఇద్దర్నీ పంపేశాడు. సూటిగా మాట్లాడుకుందాం మేడమ్ అన్నాడు. మనిషి చెడ్డవాడిలా లేడు, బట్టల కొట్టులో తానులు తీసి చూపించేవాడి ఓపిక ఉంది మొహంలో.

"ఇవాళ పొద్దుటిదాకా ఖాళీ లేదు. ఇప్పుడు ఉంది."

సోమవారం చేరమన్నాడు, సీనియర్ సైంటిస్టుగానే, అల్లుడి సంగతి ముందు చూడమన్నాడు, పెద్దాయన సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. మీరు ఇదంతా తెలిసే నన్ను పిలిచారా అని అడిగాను. పిలవమన్నది ఆయన, పిలిచింది మేం, వ్యాపారం కదమ్మా అన్నాడు. ఆ నిజం కొంచెం హాయిగా కూడా అనిపించింది, పొద్దుటి నుంచి నాతో ఒక్కరైనా నిజం చెప్పారని. కాసేపు టైమివ్వండి అని బయటికి వచ్చాను. లిఫ్టు దగ్గరికి నడిచాను. వెళ్ళిపోదామనే అనుకున్నాను, గోడ మీద చూసిన ఐదు చేతుల కార్బన్ గురించి కూడా ఎవరికీ చెప్పకుండా.

మేష్టారు లిఫ్టు పక్కన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి కళ్ళజోడు తీశారు. కళ్ళు తడిగా ఉన్నాయి, అబద్ధం కాదు, నేను దగ్గర నుంచి చూశాను. తప్పు చేశాను తల్లీ అన్నారు. ఇంటి దగ్గర సంగతి నీకు తెలుసు, ఆవిడకి మందులు ఆగకూడదు, ఈ వయసులో నన్ను ఎవరు రమ్మంటారు, ఒక్క ఈ పని ఉంది కాబట్టి రానిచ్చారు. నిన్నూ తీసుకొద్దామనే అనుకున్నాను, ముందు నేను కాస్త కుదురుకున్నాక, ఆ తర్వాత నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు, రోజు గడిచేకొద్దీ ఇంకా చెల్లలేదు. ఆయన చెబుతుంటే నేను తల ఊపుతున్నాను, పాత అలవాటు, ఆయన ఏం చెప్పినా నా తల ముందు ఊగేది, తర్వాత అర్థమయ్యేది. చెప్పడం అయ్యాక ఇద్దరం కిటికీలోంచి కిందకి చూస్తూ నిలబడ్డాం, కింద ఎవరో కారు వెనక్కి తీయలేక అవస్థ పడుతున్నారు. ఇక ఏదో ఒక మాట అంటారు, తల మీద చెయ్యి వేస్తారు, నేను ఏడుస్తాను, అంతటితో సగం కరిగిపోతుంది అనుకున్నాను. ఏడుపు గొంతు దాకా వచ్చి సిద్ధంగా కూడా ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు, నడవా అటూ ఇటూ చూశారు, గొంతు తగ్గించారు.

"ఇంతకీ ఆ చివర్లో ఏం చేశావమ్మా?"

నేను ఆయన మొహం చూశాను. అది నాకు బాగా తెలిసిన మొహం, ఫ్లాస్కు మీదికి వంగినప్పుడు ఉండే మొహం, కనుబొమలు కొంచెం పైకి లేచి, పసివాడిలా. ఆ మొహం కోసమే కదా నేను ఆ మాటని ఇన్నాళ్ళు దాచిపెట్టింది. మంచినీళ్ళు సార్ అంటే చాలు. ఇప్పుడు అంటే నవ్వుతారు కూడా. నవ్వి, గబగబా ఆ గదిలోకి నడిచి, బోర్డు మీద ఖాళీగా ఉన్న బాణం పైన ఆ అందమైన అక్షరాలతో రాస్తారు, గుర్తొచ్చింది అంటారు, సోమవారం కూడా కొత్త చొక్కా వేసుకుని వస్తారు. నీకు ఇంకెక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది, నువ్వు చిన్నదానివి తల్లీ అని అప్పటికే ఆయన అంటున్నారు కూడా.

"అడిగితే చెప్పేదాన్ని సార్" అన్నాను. "ఎప్పుడు అడిగినా చెప్పేదాన్ని."

"ఇప్పుడు అడుగుతున్నాను కదమ్మా" అన్నారు మేష్టారు.

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోతే కాసేపు ఆగి, మూసుకున్నాయి. గొంతులో ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియలేదు. నేను వెనక్కి తిరిగి నడవాలో నడిచాను, ఆయన నా వెనక రెండు అడుగులు వేసి ఆగిపోవడం వినిపించింది. డైరెక్టరు గది తలుపు కొట్టి, సోమవారం నుంచి వస్తాను అని చెప్పాను. మంచిది మేడమ్ అని ఆయన లేచి నిలబడ్డాడు, పెద్దాయనకి ఇవాళే చెప్పేస్తాం, ఆయన రేపటి నుంచి రానక్కర్లేదు, మీకేం అభ్యంతరం లేదు కదా అన్నాడు. బొప్పాయి పళ్ళెం పట్టుకున్న సన్నటి చేతులు కనిపించాయి. బెంచీకి అడ్డంగా వేసుకున్న కుర్చీ కనిపించింది. ఉంది సార్ అనడానికే నోరు తెరిచాను, ఆయన్ని ఉండనివ్వండి, ఏదో ఒక మూల, నేను చూసుకుంటాను అని చెప్పడానికి. మేష్టారు ఇప్పుడు అడుగుతున్నాను కదమ్మా అన్న తీరు ఇంకా చెవిలోనే ఉంది.

"మీ ఇష్టం సార్" అన్నాను.

ఆ మాట అనడానికి ఇంత తక్కువ ఊపిరి సరిపోతుందని నాకు ఇంతకు ముందు తెలియదు.

బయట ఎండగా ఉంది. బస్సుల దగ్గర నీడలో నిలబడి మావారికి ఫోన్ చేశాను. దుకాణంలో ఎవరికో చూపు పరీక్షిస్తున్నారు, ఒక్క నిమిషం అండీ అని వాళ్ళకి చెప్పి బయటికి వచ్చినట్టున్నారు, ఏమైంది అన్నారు. వచ్చింది అన్నాను. సీనియర్ సైంటిస్టేనా అన్నారు, అవును, సోమవారం నుంచి అన్నాను. ఆ మనిషికి సంతోషం వస్తే మాట రాదు, గొంతే సవరించుకుంటారు. సవరించుకుని, నేనే ఆయన్ని తప్పుగా అనుకున్నాను అన్నారు.

"ఆయన చెప్పబట్టే కదా వెళ్ళావు. ముందు మీ మేష్టారికి ఫోన్ చెయ్యి. పెద్దాయన సంతోషిస్తారు."

బస్సు వచ్చి ఆగింది, నా ముందు నిలబడ్డవాళ్ళు ఎక్కుతున్నారు.

"ఆయనకి తెలుసు" అన్నాను.